తీగ గాటు

యశవంతపురలో దిగేసరికి ముసురు.
చెప్పులు చేత్తో పట్టుకుని మూడంతస్తులు ఎక్కాను.
డాబా నిండా కుండీలు, నడుమ ముక్కాలిపీట,
దాని మీద గొడుగు లేకుండా పుట్టస్వామి గారు.

గడియారాల ఫ్యాక్టరీ మూతపడ్డాక
ఆ పట్టకారే, కంటికి తగిలించుకునే ఆ భూతద్దమే
చింతకొమ్మల మీదికి వచ్చాయట.
"పని అదే సార్, తొందరొక్కటే తగ్గింది."

ముప్పై నాలుగేళ్ల చింత.
నా మోకాలి దాకా కూడా రాదు.
కాండం చుట్టూ పాము పాకినట్టు లోతుగా ఒక గాటు.
జపాన్ పద్ధతా? అన్నాను, నోట్‌బుక్ తెరుస్తూ.

"కాదు. ఆ ఏడాది ఆమె కిద్వాయ్‌లో ఉంది.
తీగ విప్పడం మరిచాను."

ఏం రాయాలో తోచలేదు.
కుండీ కొలతలు రాసుకున్నాను.

వచ్చేటప్పుడు ఒక కాయ తుంచి ఇచ్చారు.
చెట్టు ఇంతే గాని, కాయ
సంతలో రాసి పోసినవాటంత ఉంది.
గింజ వేస్తే ఇలాగే పొట్టిగా వస్తుందా?
నవ్వారు. "దానికి కుండీ సంగతేం తెలుసు?"

రాత్రి బస్సు పెనుకొండ దాటాక
జేబులో తడిమి చూసుకున్నాను.

నాకున్నది
నాలుగడుగుల బాల్కనీ.