పదమూడో అక్షరం

మరాంగ్ బడిలో ఏడో గది.
ఈశాన్యపు వాన రేకుల మీద పడుతుంటే
నా మాట మూడో బెంచీ దాకా కూడా పోదు.
అందుకని బల్లల మీద దరువేయించాను:
పాదానికి ఎనిమిదికి తగ్గకుండా
పన్నెండుకి మించకుండా.
ముప్పై నాలుగు జతల చేతులు
వానతో పోటీపడి లెక్క తప్పాయి.

పంతున్‌కి నాలుగే పాదాలు, అన్నాను.
మొదటి రెండూ బయటి సంగతి,
పడవో, వలో, ఎండబెట్టిన చేపో, ఏదైనా సరే.
చివరి రెండూ లోపలి సంగతి.
ఒకటికి మూడు, రెండుకి నాలుగు
చివర్లు ఒకేలా మోగాలి.

సుమయ్యా చెయ్యెత్తింది.
"చెప్పాల్సింది రెండు పాదాలే అయితే
ముందు ఈ డొంకతిరుగుడెందుకు చిక్గూ?"
మీ అక్కని అడగడానికొచ్చినవాళ్ళు
గుమ్మంలోనే అడిగేశారా?
"లేదు. సొరచేప ధర గురించి గంటసేపు మాట్లాడారు."
గదంతా నవ్వింది.
చల్లకొచ్చి ముంత దాచడం
మిగతా చోట్ల తప్పేమో గానీ
ఇక్కడ అదే ఛందస్సు.

అజీజుల్ ఒక్క పూటలో ఆరు రాశాడు.
ఆరింటి లోపలి సంగతీ ఆకలే.
అయినా మోత ఎక్కడా తప్పలేదు, మార్కులు వేశాను.

లుక్మాన్ రెండు పాదాలిచ్చాడు.

    పడవ అడుగున ఊరే నీళ్ళు
    డబ్బాతో తోడినా తరగవు

"మిగతావి?"
"రాలేదు."
ఎర్ర సిరాతో నాలుగుకి రెండు.
మర్నాడూ అవే రెండు. పై వారమూ అవే.
చేతిరాత మాత్రం గుండ్రంగా కుదురుతూ వచ్చింది.
వానలు ముదిరాక వాళ్ళ నాన్న
పడవని ఇసుక మీదికి లాగి
దాని పక్కనే కూర్చుంటాడని తెలుసు నాకు.
అంతకు మించి తెలియదు.

ఒక రాత్రి కరెంటు పోయాక
కొవ్వొత్తి పెట్టుకుని నేనే పూర్తి చేయబోయాను.
నీళ్ళకి కన్నీళ్ళు, తరగవుకి కరగవు.
లెక్క కుదిరింది, మోతా కుదిరింది,
పదేళ్ళుగా పాఠం చెబుతున్న చెయ్యి కదా.
చదువుకుంటే అది ఎవరి ఏడుపూ కాదు.
ఆ కాగితంతోనే బల్ల మీద కారిన మైనం తుడిచాను.

నది బజారు దాకా ఎక్కి వచ్చి
సగం మందే బడికి వచ్చిన రోజు
ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి
లుక్మాన్ నా బల్ల దగ్గరికొచ్చాడు.
"మూడోది వచ్చింది చిక్గూ. కానీ ఎక్కువైంది."

    అమ్మ వెళ్ళిపోయి ఈ వానకి రెండేళ్ళు

వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు.
పదీ అయిపోయాయి.
నా ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టాను,
అందులోంచి మూడు వాడుకున్నాడు.

"ఒకటి తీసెయ్యాలి."
ఏది తీయాలో నాకు కనబడుతూనే ఉంది:
ఆ "ఈ". ఒంటి అక్షరం,
పోయినా ఎవరికీ లోటు తెలియదు.
నోటిదాకా వచ్చింది, ఆగాను.
వాడు పెన్సిల్ చివర కొరుకుతూ
చాలాసేపు చూసి
"అమ్మ" కొట్టేశాడు.
మళ్ళీ లెక్క. పదకొండు.
ఈసారి నా వేలు ఒక్కటే అవసరమైంది.

"తెలుస్తుందిగా చిక్గూ, ఎవరో?"
తెలుస్తుంది, అన్నాను.
"ఈ మాత్రం పోకూడదు. పోయిన వానకి
వస్తుందనే అనుకున్నాం."

నాలుగోది నా ముందే నిలబడి రాశాడు,
వేళ్ళు మడవకుండా:

    నువ్వైనా నాన్నా, ఎందుకడగవు

ఎర్ర కలం మూత తీసి
అలాగే పట్టుకుని ఉన్నాను.
వెనక బెంచీ నుంచి అజీజుల్
వాన మీదుగా అరుస్తున్నాడు,
"ఇవాళ అన్నం పెడతారా లేదా?"
అలవాటుగా లెక్కపెట్టాను.
అదీ పదకొండే.