ఆటు

ఫోన్ మోగినప్పుడు నేను
మోకాళ్ళ లోతు బురదలో ఉన్నాను,
చేతుల్లో గుల్లలు గీకే దంతె.
ఎర్మితాస్ నా జేబులోంచి తీసి
చెవి దగ్గర పట్టుకుంది.

"ఒబ్దూలియా, స్కానింగులో ఏమీ కనబడలేదు"
అంది డాక్టరమ్మ, మా గలీసియా మాటలోనే.

ఏమీ.
ఇంత చిన్న మాట కోసం పద్నాలుగు నెలలు.
నోట్లో ఎప్పుడూ తుప్పు పట్టిన మేకు రుచి.
ఎలాదియో కాచిన క్యాబేజీ చారు
ఎలా ఉందంటే, బాగుందనేదాన్ని.
ఏం తెలిసి చచ్చింది నాకు!

సముద్రానికి పోటు ఏ గంటకొస్తుందో
రేవు గోడ మీద పట్టిక ఉంటుంది.
ఒంట్లో పోటుకి లేదు.
రాత్రి రెండింటికి వచ్చేది,
చెప్పులైనా విప్పకుండా.
ఆయన నిద్ర చెడకూడదని
దుప్పటి అంచు కొరికి పట్టుకునేదాన్ని.
ఆయనా మేలుకునే ఉండేవాడని
ఈస్టర్ దాకా తెలియలేదు.

"మూడు నెలలకి మళ్ళీ చూద్దాం."
పోయిందని కాదు, తెలుసు.
ఇది ఆటు.
ఆటు ఎంతసేపో నాకు చెప్పాలా ఎవరైనా?
మా అమ్మా, వాళ్ళమ్మా, నేనూ
ఆటులోనే కదా బతికింది,
నీళ్ళు వెనక్కి తగ్గిన ఆ నాలుగు గంటల్లో.

ఎర్మితాస్ ఏడుస్తోంది, ఫోన్ ఇంకా నా చెవికే ఆనించి.
"తర్వాత ఏడుద్దువుగాని,
బకెట్ సగమైనా నిండలేదు" అన్నాను.

వంగాను.
పెదవి మీద ఏదో తడి తగిలింది.
ఉప్పు.
అలదో, నాదో.
ఉప్పే, నిజంగా ఉప్పే!

ఇంటికెళ్ళి ఎలాదియోకి చెప్పాలి,
ఇన్నాళ్ళూ చారులో
ఉప్పు ఎక్కువేస్తున్నాడేమో
ఇవాళ తేలుస్తానని.