శనగగింజంత చిల్లు

గ్రాంటు డబ్బు ఇంకా రాలేదు.
ప్రయోగానికి తెల్లటి నూలుగుడ్డ కావాలి,
రంగు లేనిది, గంజి లేనిది.
చెంచురామయ్య ఇంట్లోకి పోయి
పాత వెంకటగిరి పంచె తెచ్చాడు.
"మోకాలికాడ ఒక మరక ఉండాది, పనికొస్తాదా మేడం?"
మరకున్న ముక్క పక్కన పెట్టి, మిగతాది చింపాం.
ఎనిమిది ముక్కలు, ఒక్కోటీ ఆరు గ్రాములు.

విడవలూరు దాటాక, సముద్రం వాసన మొదలయ్యే చోట
అతని నాలుగెకరాలు.
ఒకప్పుడు మొలగొలుకులు పండాయంటాడు,
ఎసట్లో పోస్తే పక్కింటికి తెలిసేదంటాడు.
తర్వాత తొమ్మిదేళ్లు రొయ్యలు.
తొమ్మిదేళ్ల ఉప్పు, బ్లీచింగు, మైలుతుత్తం,
పేరు చించేసిన డబ్బాల్లోంచి
ఎవరో చెప్పారని కొలవకుండా పోసిన మందులు.
తెల్లమచ్చ తెగులొచ్చి రొయ్య పోయింది.
నీళ్లు పోయాయి. ఏరేటర్లు అమ్ముడుపోయాయి.
మట్టి మాత్రం ఎక్కడికీ పోలేక ఉండిపోయింది.

జానెడు లోతున ముక్కలు పాతిపెట్టి
గుర్తుకి వెదురుపుల్లలు గుచ్చాం.
చెరువు నడుమ నాలుగు,
గట్టవతల వదినె వెంగమ్మ వరిమడిలో మూడు,
అంచున్న ముక్క కాలువగట్టు మీద, కానుగ నీడలో.
అక్కడ రాలిన ఆకుని ఎవరూ ఊడ్వరు.
దారిన పోయే పిల్లోడు ఆగి అడిగాడు:
"ఎవురు చచ్చిపోయినారు?"

నెల్లూరులో, ల్యాబులో,
అదే మట్టి జల్లించి డైక్రోమేట్ పోశాను.
కర్బనం ఉంటే ఆ నారింజరంగు పచ్చబడాలి.
కాలువగట్టు మట్టి వెంటనే పచ్చబడింది.
వెంగమ్మ మడి మట్టి కాస్త తటపటాయించింది.
చెరువుమట్టి నారింజగానే నిలబడింది,
పిలిచినా పలకని మనిషిలా.

ఒక సంగతి రిపోర్టులో రాయలేదు.
కొలిచాక ఆ ద్రవాన్ని డబ్బాలో పట్టాలని నియమం.
డబ్బా నిండి రెండేళ్లు. తీసుకెళ్లే బండి రాదు.
సింకు గొట్టం గోడ వెనక తెరుచుకునే చోట
పల్లేరు కూడా మొలవదు.
ఆ వైపు కిటికీ నేను తెరవను.

అరవై రోజులకి తవ్వాం.
కానుగ కింద పంచె లేదు.
జరీ అంచొక్కటే, దాన్ని చుట్టుకొని ఎర్రలు,
తెల్లటి బూజు దారాలు,
కాళ్లు లెక్కపెట్టేలోగా దాక్కునే చిన్నచిన్న ప్రాణాలు,
పంక్తి మధ్యలో దీపం వేసినట్టు గాభరా.
వెంగమ్మ మడిలో సగం మిగిలింది, చినిగిన వలలాగా.

చెరువు నడుమ గుడ్డ చెక్కుచెదరలేదు.
దులిపి ఎండకి పట్టి చూశాడు.
ఒక్క పోగు తెగలేదు.
"ఉతికి కట్టుకోవచ్చు గదా," నవ్వబోయాడు.
కాసేపటికి, వేరే గొంతుతో:
"దీన్ని తినేదానికి ఒక పురుగన్నా లేదా మేడం?"

నా దగ్గర ఒక అంకె ఉంది, పాయింట్ ఒకటి ఏడు.
అది చెప్పలేదు.
జిప్సం వేసి మంచినీళ్లతో ఉప్పు కడగమన్నాను,
జీలుగ చల్లమన్నాను,
వెంగమ్మ మడిలోంచి నాలుగు తట్టల మట్టి తెచ్చి
పెరుగు తోడేసినట్టు కలపమన్నాను.
మొదటి జీలుగ జానెడెత్తులో మాడింది.
రెండోది మోకాలెత్తు వచ్చింది.
పూత రాకముందే కలియదున్నాడు.

మొన్న కార్తీకంలో, రాత్రి తొమ్మిదికి ఫోను.
వెనకాల కప్పలు. మాట సరిగ్గా వినపడదు.
నాకు చెప్పకుండా
ఆ మరక ముక్కని తనే చెరువు నడుమ పాతుకున్నాడట.
"చిల్లు పడింది మేడం!"
"ఎంత?"
"శనగగింజంత. చుట్టూ మెత్తగా ఉండాది,
ఎవురో కొరికినట్టు."

పొద్దున మొదటి బస్సుకి పోయి చూశాను.
నిజమే. శనగగింజ కూడా పెద్దదేం కాదు.
తూకంలో తేడా దాదాపు లేదు,
ఫారంలో చిల్లుకి గడి లేదు.
అంచులోనే రాశాను, పెన్సిలుతో.