నిన్నటికి టికెట్టు

ఆపియా నుంచి పాగో పాగోకి
నూట ముప్ఫై కిలోమీటర్లు.
గాలి కలిసొస్తే ముప్ఫై ఐదు నిమిషాలు,
ఎదురైతే నలభై.
తొమ్మిదేళ్ళుగా ఈ కౌంటర్లో ఇదే చెబుతున్నాను,
చివర ఒక మాట కలిపి:
"ఇవాళ ఎక్కుతారు, నిన్న దిగుతారు.
గడియారం తిప్పక్కర్లేదు,
తేదీ ఒక్కటే మార్చుకోండి."

నడుమ సముద్రంలో ఎక్కడో ఒక గీత ఉందట.
పైలట్ కూడా చూడలేదు.

కొత్తవాళ్ళు నవ్వుతారు.
ఒక కుర్రాడు పుట్టినరోజు రెండుసార్లు చేసుకుంటానని
కేకు ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాడు.
అప్పున్నవాళ్ళు ఒక రోజు గడువు దొరికిందంటారు.
పాస్టరుగారికి వేరే చింత:
ఆదివారం ప్రార్థన ముగించి ఎక్కితే
శనివారం దిగుతాను కదా,
తెల్లారితే మళ్ళీ ఆదివారమే,
అదే ప్రసంగం చెబితే తప్పా, అని.

మా విమానం చిన్నది, రెక్కలున్న వ్యాను.
సామానుతో పాటు మనుషుల్నీ తూస్తాం.
అంకె చీటీ మీద రాసుకుంటాం,
పైకి చదవం.

మోయెలాగి వచ్చేసరికి ఇంకా చీకటి.
చేతుల్లో చుట్ట చుట్టిన మొగలాకు చాప,
నిద్రపోయిన బిడ్డని ఎత్తుకున్నట్టు.
పాత పట్టుచీరంత మెత్తన,
అంచుకి ఎర్ర ఈకలు,
ఒక మూల అల్లిక మిగిలిపోయి
పోగులు వేలాడుతున్నాయి.

"దాన్ని విడిగా తూయాలమ్మా."
"విడిగా వద్దు."
కలిపే తూశాను.
ముల్లు చాలాసేపు నిలబడలేదు.

తమ్ముడు ఫాలానికో.
అక్కడ ట్యూనా డబ్బాల ఫ్యాక్టరీలో పని.
వచ్చే నెల కుటుంబం వాడికి పెద్దరికం కట్టబెట్టాలి,
చాప అందుకు మొదలుపెట్టిందట.
నిన్న సాయంత్రం నాలుగింటికి ఫోను.
మనకి శుక్రవారం నాలుగు,
వాళ్ళకి గురువారం నాలుగు.

"పొద్దున మాట్లాడాడు," అంది,
"డ్యూటీకి పోతూ, ఆరూ నలభైకి.
నీ చేపల కంపు ఫోన్లోంచి కూడా వస్తోందిరా అన్నాను.
శుక్రవారం అది.
మీరు నన్ను దించేది ఎన్నింటికి?"

కాగితం చూశాను. చూడకుండానే తెలుసు.
ఆరూ నలభై.
శుక్రవారం.

వేళ్ళు మడుస్తూ ఏదో లెక్కేసుకుంది,
మడిచిన వేళ్ళు మళ్ళీ విప్పింది.
ఆ వారంలో తమ్ముడున్న పొద్దు
ఇంకొకసారి వస్తుంది,
తమ్ముడు రాడు.
నేను నోరు తెరిచి మూసుకున్నాను.
తొమ్మిదేళ్ళలో మొదటిసారి
తేదీ మార్చుకోమని చెప్పలేదు.

బరువు లెక్క ప్రకారం ఆమెది ఆఖరి వరుస.
కిటికీ పక్కన కూర్చోబెట్టాను,
ముందు కూర్చున్న లావుపాటి ఆయన్ని
వెనక్కి పంపి సరిచేశాం.
ఆయన ఏమీ అడగలేదు, చాపని చూసి లేచాడు.

విమానం లేచాక తూకం తుడిచాను.
రేకు మీద ఒక మొగలి పోగు.
జేబులో వేసుకున్నాను, ఎందుకో తెలీదు.

సాయంత్రం వర్షం పట్టుకుంది.
నా శనివారంలో నాలుగు కొట్టింది.
అక్కడ, ఆమెకి రెండోసారి,
శుక్రవారం నాలుగు.
ఆ గంటకి ఆమె ఏం చేస్తుంటుంది?
బహుశా మూల అల్లుతూ ఉంటుంది.
ఫోను పక్కనే ఉంటుంది.

ఈసారి అది మోగదు.