చెరిపే మీట

శుక్రవారం, హవల్లీ.
ఏసీ నీళ్లు కారే సందులో మూడో అంగడి.
"డెస్క్‌టాప్ తీసుకో, పాతికకే ఇస్తా,
బండలాంటిది" అన్నాడు సబ్రీ.
ఓబులేసు నా చెవిలో:
"బండే. అకామా తెగినపొద్దు
దాన్నేడ నెత్తిన పెట్టుకుంటావు?"

సరే, ల్యాప్‌టాపే. పాతది.
మూత తెరిచి, మూసి, మళ్లీ తెరిచి
పొట్టేలుకు పండ్లు చూసినట్టు చూశాను.
బ్యాటరీ గంటన్నర. ర్యామ్ ఎనిమిది.
మూలన వెంట్రుకంత పగులు.
అరబీ అక్షరాలు, ఇంగ్లీషువీ
అన్నీ కొత్తగానే ఉన్నాయి;
చెరిపే మీట ఒక్కటే
అరిగి బోడిగుండైంది.
అది చూపించి రెండు దినార్లు తగ్గించాను.
ముప్పై ఆరు.
ఛార్జరు ఊరికే.

రాత్రి, పై బంకు మీద,
కఫీలుకు మొదటిసారి నేనే టైపు చేశాను:
రెండు నెలలు సెలవు కావాలి.
"కావాలి" చెరిపాను.
"ఇప్పించగలరు" అన్నాను, అదీ చెరిపాను.
రెండు నెలలు నెలైంది,
నెల పదహైదు రోజులైంది.

కింది మంచం నుంచి ఓబులేసు:
"పనిచేస్తాందా?"

బాగా, అన్నాను.

ఆ మీటలో చిన్న గుంట ఉంది.
వేలు పట్టేంత.