మొదటి గురువారం, బొల్లారం

నెలకోసారి, మొదటి గురువారం,
క్లాక్ టవర్ దగ్గర మా కొట్టు షట్టరు సగం దించి
బొల్లారం బస్సెక్కుతాను.
సంచిలో చిన్న బ్రష్షు, గుబిలి తీసే కొక్కెం,
కందిగింజంత బ్యాటరీలు ఓ ఇరవై.
రైలు గేటు దాటాక సీతాఫలం చెట్ల కాంపౌండు.
రిటైరైన ఫాదర్లు ఏడుగురు.
పోయిన నెల ఎనిమిది.

నేను చర్చి మనిషిని కాను.
మా ఇంట్లో శనివారం దీపం, ఒంటిపూట భోజనం, అంతే.
ఏదో నేర్చుకుందామని వెళ్ళిందీ లేదు.
చెవి మిషన్‌కి రెండొందలు, రానూపోనూ చార్జీలు.

ఫాదర్ ఇన్నారెడ్డి పదకొండు గుళ్ళు కట్టించాడట.
సిమెంటు బస్తా ఏ ఏడు ఎంతో ఇప్పటికీ చెబుతాడు.
ఇప్పుడాయన పని భోజనాల గదిలో చెంచాలు లెక్కపెట్టడం.
ఒకటి తగ్గితే అన్నం మొదలవదు.

ఫాదర్ ఆరోగ్యం, పేరుకే ఆరోగ్యం.
పక్షవాతం వచ్చాక
నలభై ఏళ్ళ ప్రసంగాల్లోంచి ఒక్క మాట మిగిలింది: సరే.
ఇంజెక్షన్‌కి సరే. చప్పిడి పప్పుకి సరే.
మిషన్ చెవిలో కీచుమన్నా సరే.
ఇదేదో గొప్ప సంగతని మా ఆవిడకి చెప్పాను.
తర్వాతి నెల వెళ్తే, చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి,
అప్పుడూ అదే మాట.
మళ్ళీ ఎవరికీ చెప్పలేదు.

బాలశౌరి, లూర్దయ్య టీవీ గదిలో ఫ్యాను కోసం పోట్లాడుకుంటారు,
ఒకరికి ఐదు, ఒకరికి రెండు.
"ఈయనతో వేగడం కన్నా వేదసాక్షి మరణం నయం" అని
మిషన్ పీకి జేబులో వేసుకుంటాడు బాలశౌరి,
వాదన గెలిచినట్టు.
రాత్రి పడుకునే ముందు మాత్రం
గోడ మీద రెండుసార్లు తడతాడట.
అవతలి గదిలోంచి రెండు రాకపోతే సిస్టర్‌ని లేపుతాడు.
వినపడదు కదా ఫాదర్, అంటే
అరచెయ్యి గోడకి ఆనించి చూపించాడు.

నా సంగతి కూడా చెప్పాలి.
మెట్టుగూడలో బాలామణి గారు,
రైల్వే ఆసుపత్రిలో ఆయాగా చేసి దిగిపోయిన మనిషి.
ఆవిడకి మిషన్ అమ్మాను, పద్దెనిమిది వేలకి.
పెట్టె కొత్తది. లోపలిది కాదు.

ఫాదర్ రాయప్ప చెవిలోంచి మిషన్ తీసి
బల్ల మీద విప్పి పెట్టిన పది నిమిషాల్లో,
ఆయనకి లోకం మోగని ఆ పది నిమిషాల్లో,
తల దించుకుని బ్రష్షు ఆడిస్తూ చెప్పేశాను.
గోడకి చెప్పుకున్నట్టు.
మిషన్ పెట్టాను. ఒకటి, రెండు, మూడు,
వినపడుతోందా ఫాదర్?

"ఆవిడ ఇల్లు తెలుసా నీకు?" అన్నాడు.

యాభై రెండేళ్ళు జాలీ వెనక కూర్చున్నవాడికి
సగం మొహం చాలట, పెదవులు చదవడానికి.
నేను మీ మతం కాదుగా, అని నసిగాను.
"మిషన్ మతం చూసి అమ్మావా మరి?"
కాసేపాగి,
"నాకు గుర్తుండదులే, భయపడకు.
విన్నది మర్చిపోవడం అప్పట్లో నా ఉద్యోగం.
ఉద్యోగం పోయింది, అలవాటు మిగిలింది."
నవ్వి, నా పేరు అడిగాడు,
ఆ పూట మూడోసారి.

గేటు దగ్గర సిస్టర్ చిన్న పొట్లం ఇచ్చింది.
ఫాదర్ మరియదాసు మిషన్. తుడిచి, దూదిలో పెట్టింది.
ఎవరికైనా పనికొస్తుందేమో చూడండి, అంది.

మెట్టుగూడ. రెండో అంతస్తు.
గుమ్మం బయట ఒకే జత చెప్పులు.
జేబులో పద్దెనిమిది వేలు, చేతిలో పొట్లం.
ఇది పాతది.
ఈసారి పాతదనే చెబుతాను.

బెల్లు నొక్కాను.
లోపల మోగింది, నాకు వినపడింది.
ఆవిడకెలా వినపడుతుంది, నేనమ్మిన దానితో?
మళ్ళీ నొక్కాను.
తలుపుకి అరచెయ్యి ఆనించి
నిలబడ్డాను.