తేమ మీటరు

కీత్లీలో ముసురు పట్టిన గురువారం.
చర్చి తెరవడానికి విన్నీ ఆక్రాయిడ్ వచ్చింది,
ఎనభై రెండేళ్ళావిడ, చేతిలో రెండు తాళంచెవులు:
ఒకటి తలుపుకి, ఒకటి గడియారానికి.

నేను పాత భవనాలు కొలిచేదాన్ని.
గోడకి రెండు సూదులు గుచ్చితే
తడి ఎంతుందో అంకెల్లో చెప్పే మీటరు నాది.
ఉత్తరపు గోడ: ఇరవై ఎనిమిది.
పాటలవాళ్ళు నిలబడే చోట: ముప్పై ఒకటి.
కారణం అన్న గడిలో రాశాను:
తూము పూడింది. పావురాలు.
ఏళ్ళ తరబడి ఎవరూ నిచ్చెన ఎక్కలేదు.

ఆఖర్న ఎంతమంది వచ్చేవారని అడిగాను.
"తొమ్మిది మంది. మంచు పడితే నలుగురు.
ప్రీస్టుకి ఐదు చర్చిలు, ఒక్కటే కారు."
ఎవరూ దేవుడి మీద అలిగి మానలేదట.
ఆదివారం పొద్దున పిల్లలకి ఫుట్‌బాల్ వచ్చింది,
షాపులు తెరిచారు,
ఒకావిడ తుంటి విరిగి మెట్లెక్కలేక ఆగిపోయింది,
ఆవిణ్ణి దింపడానికొచ్చే కొడుకూ ఆగిపోయాడు.
"తెగలేదమ్మా, వదులైపోయింది"
అంటూ స్వెటరు మోచేయి చూపించింది.

"మరి మీకు?"
"మా ఆయన పోయిన ఏడే నా నమ్మకమూ పోయింది.
రెంటికీ కలిపి ఒకే గొయ్యి.
కానీ ఇది ఎనిమిది రోజుల గడియారం.
నమ్మినా నమ్మకపోయినా కీ ఇవ్వాలి కదా."

కొంటున్నవాడు గ్యారెత్.
లోపల గోడలెక్కే ఆట పెడతాడట.
కప్పు ఎత్తు పదమూడు మీటర్లు అనగానే
వాడి ముఖం చూడాలి!
"ఇంతెత్తు ఇప్పుడెవరు కడతారండీ!"
నిజమే, ఎవరు కడతారు.
ఎందుకు కట్టారో రాయడానికి
నా రిపోర్టులో గడి లేదు.

టేపు జారి కొలత తప్పింది.
"అయ్యో రామా" అన్నాను.
"ఎవరతను?" అంది విన్నీ.
"అలవాటు" అన్నాను.
మా భాష నిండా ఇలాంటివే,
ఖాళీ చేసిన ఇంట్లో గోడ మేకుల్లా.
లాభం సంగతి దేవుడెరుగు అంటాం,
ఆయనకి తెలుసని అనుకుని కాదు.

మా వంటింట్లో వెంకన్న
పోపులడబ్బా వెనకాల ఉంటాడు.
వత్తి వెలిగిస్తే పొగ అలారం కూస్తుందని
బ్యాటరీ దీపం పెట్టాను.
బ్యాటరీ మార్చి ఎన్నాళ్ళయిందో.

జనాభా లెక్కల ఫారం వచ్చినప్పుడు
మతం అన్నచోట మొదటి గడే "ఏదీ లేదు".
మా ఇందుజ, పదిహేనేళ్ళది,
చెప్పుల సైజు చెప్పినంత తేలిగ్గా టిక్కు పెట్టమంది.
నా వరస వచ్చేసరికి
టీ తొరక కట్టేదాకా పెన్ను పట్టుకు కూచున్నాను.
ప్రశ్న దగ్గర ఇంకో మాట: జవాబివ్వడం మీ ఇష్టం.
ఇంత మర్యాదగా నన్నెవరూ ఆ సంగతి అడగలేదు.
ఏం పెట్టానో మాత్రం చెప్పను.

వెళ్ళేముందు విన్నీ
ప్రార్థనకి మోకాళ్ళ కింద వేసుకునే మెత్త ఒకటి ఇచ్చింది.
"అరవై ఉండేవి. కుక్కల షెల్టరువాళ్ళు పట్టుకుపోయారు."
నీలం ఊలు మీద గొర్రెపిల్ల,
మూలన దారంతో: ఐడా, 1957.
మధ్యలో రెండు గుంటలు.
మీటరు తీసి, సూదులు ఆనించబోయి,
మళ్ళీ సంచిలో పెట్టేశాను.

శనివారం వాన తెరిపిచ్చింది.
పెరట్లో ఇందుజ ఆ మెత్త మీద మోకాళ్ళూని
సైకిలు ట్యూబుని బకెట్లో ముంచి
అంగుళం అంగుళం తిప్పుతోంది,
తల వంచుకుని, జుట్టు నీళ్ళకి తగులుతుండగా.
"బురదవుతుందే, దాని మీద" అనబోయాను.
"ష్" అంది తలెత్తకుండా.

నేనూ వంగి చూశాను.
బుడగ ఇంకా రాలేదు.